మన యాది – 14: కేసు 23 ఏండ్లు, ఫోను 3 ఏండ్లు



ఈసారి డిస్కుల గురించి రాస్తున్న. "సీడీల కాలం పోయింది గదా అన్నా" అని మన పిల్లలు ముందే నవ్విండ్రు. నవ్వుండ్రి గానీ, చివరిదాకా చదువుండ్రి.

కొన్నేండ్ల కింద బాన్సువాడ దగ్గరి ఒక పల్లెకు నిజనిర్ధారణకు పోయినం. మన వాడలో ఒక అవ్వ నలభై నిమిషాలు ఆగకుండ చెప్పింది. ఎవరెవరు వచ్చిండ్రు, ఏమని తిట్టిండ్రు, ఏ చెట్టుకింద నిలబెట్టిండ్రు అన్నీ చెప్పింది. నా ఫోన్లోనే తీసిన. ఒకరోజు మెమరీ కార్డు తెరుచుకోలేదు. అవ్వ ఇప్పుడు లేదు. కేసు మాత్రం ఇంకా వాయిదాల మీదనే ఉంది. తప్పు నాదే, ఒక్కటే కాపీ ఉంచుకున్న.

చుండూరు యాదికి తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న 8 మందిని చంపిండ్రు. ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది 2007ల. హైకోర్టు వాటిని కొట్టేసింది 2014ల. మొత్తం 23 ఏండ్లు. మన చేతిలో ఫోను మూడేండ్లు నడిస్తే గొప్ప. మన కేసు ఆయుష్షుకు, మన సాక్ష్యం ఆయుష్షుకు పొంతన లేదు. నా బాధంతా అదే.

"ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టినం, అండ్లనే ఉంటది" అనేటోళ్లకు ఒక మాట. 2025 ఫిబ్రవరి 19 నుంచి ఫేస్‌బుక్ లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటయి. డౌన్‌లోడ్ చేసుకోకపోతే పోయినట్టే. మన కాగితాలు దొర గడీల దాచిపెట్టి, భద్రమనుకుంటే ఎట్ల?

అందుకే ఇంట్లోనే బ్లూరే డిస్కులు రాసుకుందాం. డీవీడీలో పట్టేది 4.7 జీబీ. బ్లూరేలో 25, 50, 100 జీబీవి ఉన్నయి. 25 జీబీలో ఫోన్లో తీసిన ఫుల్ హెచ్‌డీ వీడియో సుమారు మూడు గంటలు పడుతది. 'బీడీ-ఆర్' అన్నదే కొనుండ్రి. ఒకసారి రాసినంక దాన్ని ఎవరూ దిద్దలేరు, చెరిపి మళ్ల రాయలేరు. 'ఎల్‌టీహెచ్' అని ఉన్నది వద్దు, దాంట్ల డీవీడీ లెక్కనే రంగు పొర ఉంటది, ఎండకు, వెలుతురుకు తొందరగ చెడిపోతది. తక్కువ వేగంతో రాసి, 'వెరిఫై' తప్పక చేయుండ్రి. ప్రతి ఫైలుకు హ్యాష్ తీసి నోటుబుక్కుల రాయుండ్రి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర, ఒక్క అక్షరం మారినా అది మారుతది. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ల ఆ విలువే రాయాలె. అసలు ఫోను, కార్డు కూడ పారేయొద్దు.

రైటర్ అందరికీ అవసరం లేదు. సంఘానికి ఒకటి, చందాలేసి కొందాం. రేకుల ఇంట్ల పైకప్పు కింద పెట్టకుండ్రి, మన ఎండలు తెలిసినయే. మూడు కాపీలు మూడు ఊర్లల్ల ఉండాలె. హార్డ్‌డిస్కు వద్దంటలేను, అది కూడ ఉండాలె. కానీ అది కిందపడితే అన్నీ ఒక్కసారే పోతయి. ఇంకో సంగతి, సోనీ 2025 ఫిబ్రవరితో ఈ డిస్కుల తయారీ ఆపేసింది. వేరే కంపెనీలవి దొరుకుతున్నప్పుడే మేల్కొందాం. పదేండ్లకోసారి కొత్తదాంట్లకు మార్చే పని కూడ మనదే.

అత్యాచారాల నిరోధక చట్టం కింద విచారణంతా వీడియో తీయాలని 15ఏ సెక్షన్‌లనే ఉంది. మనం ఆ హక్కు అడిగేటోళ్లం. మన చేతిలోని వీడియోను మనమే పోగొట్టుకుంటే ఏ మొఖంతోని అడుగుతం?

మన పక్కనే, బోధన్ దగ్గర అమ్దాపూర్ చిందు ఎల్లమ్మ 2005ల కన్నుమూసింది. ఆమె గొంతుతోని ఎంత పోయిందో లెక్క కట్టలేం. రాత మనకు అందనియ్యని కాలంల గొంతే మన పుస్తకం. ఇప్పుడు రాసుకునే సాధనం మన ఇంట్లకే వచ్చింది. ఇంకా రాసుకోకపోతే మాత్రం తప్పు మనది.

ఈ ఆదివారం మీ ఫోన్లల్ల ఉన్న ఒక్క అవ్వ మాటనన్న డిస్కు మీదికి ఎక్కియ్యుండ్రి.

జై భీమ్.