ప్రాణం పోయాక కాదు, ముందే పిలవండి గజ ఈతగాళ్లను

అమలాపురం: వేసవి సెలవులు వచ్చాయంటే కోనసీమ కాలేజీ విద్యార్థికి కాస్త తీరిక చిక్కుతుంది. ఏడాది పొడుగునా పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కడం, లంక ఊళ్లవారైతే రేవు దాటి రావడం, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ కావడం - ఇదీ అతని దినచర్య. సెలవుల్లో పెళ్లిళ్లు ఉంటాయి, హైదరాబాదు నుంచి చుట్టాల పిల్లలు దిగుతారు. నలుగురూ కలిస్తే షికారు. షికారంటే మనకు అంతర్వేది, ఓడలరేవు తీరాలు. కాదంటే ఊరి పక్కనే ఉన్న గోదావరి. ఆ వయసుకు అది సహజం. తప్పు పట్టనక్కర లేదు.

అయితే ఆ షికారే కొన్ని ఇళ్లకు తీరని శోకం మిగులుస్తోంది. 2025 మే 26న ముమ్మిడివరం మండలం కమినిలంక వద్ద గోదావరిలో స్నానానికి దిగిన యువకుల్లో 8 మంది మునిగిపోయారు. శుభకార్యానికని వచ్చినవారు శవాలై తేలారు. జిల్లా అంతా కంట తడి పెట్టింది. తర్వాత ఎవరి పనుల్లో వారు పడ్డారు.

వేసవిలో గోదావరి చూపులకు సాధువు. నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. మోకాలి లోతే కదా అనిపిస్తుంది. మరో అడుగు వేస్తే నిలువు లోతు గుంట ఉండవచ్చు. ఇసుక తవ్విన చోట ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సముద్రానికి దగ్గరగా ఉన్న పాయల్లో ఆటుపోట్లుంటాయి. పొద్దున తేలి ఉన్న తిన్నె మధ్యాహ్నానికి మునగవచ్చు. ఒకడు జారితే అతన్ని పట్టుకోబోయి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు దిగుతారు. స్నేహమే మృత్యువవుతుంది.

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు, సముద్రం చుట్టుముట్టిన సీమ మనది. వెనుకటి తరం వారు రెండు ఎండు కొబ్బరికాయలు జతగా కట్టి, వాటి ఆసరాతో కాలువలో ఈత నేర్చుకునేవారు. నేటి విద్యార్థుల్లో ఈత రానివారు ఎందరో. కాలువల్లో మురుగు, చెరువుల్లో గుర్రపుడెక్క పెరిగిపోతే పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు?

ఎన్.ఎస్.ఎస్. ఏం చేయవచ్చు?

కాలేజీల్లో జాతీయ సేవా పథకం ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో ఇది మొదలైంది. విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత గ్రామంలో 7 రోజుల శిబిరం కూడా ఉంటుంది. విద్యార్థులు వీధులు ఊడుస్తున్నారు, మొక్కలు నాటుతున్నారు, రక్తదానం చేస్తున్నారు. ఇవన్నీ మంచి పనులే. కాని నీటి మధ్య బతికే సీమలో నీటి నుంచి ప్రాణం కాపాడడం కంటే మించిన సేవ ఏముంటుంది?

శిబిరం పెట్టిన ఊళ్లో ఒక చెరువును ఎంచుకుని గుర్రపుడెక్క తీసి శుభ్రం చేయాలి. లోతు కొలిచి గెడలు పాతాలి. సెలవుల్లో అక్కడే ఈత నేర్పించాలి. నేర్పేవారికి కరువు లేదు. మన పల్లెకారులు, పడవ సరంగులు ఉన్నారు. ప్రమాదం జరిగాక శవం కోసం గజ ఈతగాళ్లంటూ వారి ఇళ్లకే పరుగెత్తుతున్నాం. ఆ పిలుపేదో ముందే పిలిచి, రోజు కూలి ఇచ్చి, పిల్లలకు నేర్పమంటే పంచాయతీకి అదేమీ మోయలేని భారం కాదు.

ఈతతో పాటు మరో విద్య కూడా అవసరం. మునుగుతున్నవాడి కోసం కంగారుగా దూకరాదు. వెదురు గెడ గాని, తాడు గాని, గాలి నింపిన ట్యూబు గాని అందించాలి. ఒడ్డుకు చేర్చాక పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం తగదు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది, రొమ్ము మధ్య నొక్కుతూ, మరొకరి చేత 108కి ఫోను చేయించాలి. శిక్షణ పొందిన విద్యార్థులే సెలవు రోజుల్లో రేవుల వద్ద వంతుల వారీగా కాపలా ఉంటే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

మనలాగే నదుల నోట ఉన్న బంగ్లాదేశ్‌లో ఊరి చెరువుల్లో వెదురు దడులు కట్టి వేలాది పిల్లలకు ఈత నేర్పారు. బీద దేశమైనా ఆ పని చేయగలిగింది. మనకేం తక్కువ?

ఆడపిల్లలకెందుకీ ఈత అని కొందరు పెద్దలు అనవచ్చు. పడవ తిరగబడినా, వరద వచ్చినా గోదావరి మగా ఆడా అని చూడదు. వారికి వేరే వేళ కేటాయించి ఆడవారి చేతనే నేర్పించవచ్చు. నేర్పే చోటే ప్రమాదం జరిగితే అన్న భయమూ న్యాయమైనదే. అందుకే నడుము లోతు దాటకుండా, పెద్దల సమక్షంలో నేర్పాలి.

గోదావరిలో దిగవద్దని బోర్డులు పెట్టినంత మాత్రాన కుర్రకారు ఆగదు. ప్రమాదకరమైన రేవుల్లో హద్దు గెడలు, గట్టున తాడు, ట్యూబు ఉంచే బాధ్యత పంచాయతీలది. సేవా గంటల్లో ఈత శిక్షణను చేర్చే బాధ్యత కాలేజీలది. ఈ సెలవుల్లో బిడ్డకు కంప్యూటరు కోర్సు కట్టే తల్లిదండ్రులు ఈత కూడా నేర్పించాలి. ఈ ముగ్గురూ వచ్చే వేసవికి ముందే కూర్చుని మాట్లాడుకోవడం అవసరం.