చిత్రకళయందు స్వదేశీయత

'స్వదేశి' యను మాట మన దేశమున వస్త్రమునకే గాక చిత్రపటమునకును వర్తించిన కాలమొకటి గలదు. 1905 లో వంగదేశ విభజనము జరిగినపుడు విదేశవస్త్రములను వీధులలో దహించిన జనులు చిత్రకారుని చేతిలోని తైలవర్ణముల వంకను సందేహముతోనే చూచిరి. ఈ నూలు ఎవరు వడికిరను ప్రశ్నవలెనే, ఈ గీత యెవరిది, ఈ పద్ధతి యే దేశపుది యను ప్రశ్నయు బయలుదేరెను. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కాని వస్త్రమునకు చెల్లిన కొలత చిత్రమునకును చెల్లునా యని విచారించినవారు తక్కువ. ఆ పాత కొలతనే చేతబట్టుకొని ఒక చిత్రకారుని స్వదేశీయుడనియు, మరియొకని పరానుకారి యనియు విభజించువారు నేటికిని మనలో నున్నారు. కావున ఈ విచారణ యవసరమగుచున్నది.

ఈ వివాదమున మొదట బోనెక్కినవాడు రాజా రవివర్మ. ఆయన 1848 లో తిరువాన్కూరు రాజ్యమందలి కిలిమానూరున జన్మించి 1906 లో గతించెను. ఐరోపీయుల తైలవర్ణములను, వారి వెలుగునీడల పద్ధతిని సాధించి, వానితో మన పురాణకథలను చిత్రించెను. 1894 లో బొంబాయిలో ఆయన నెలకొల్పిన ముద్రణాలయము లక్ష్మీ సరస్వతులను పటములుగా అచ్చువేసి దేశమున నాలుగు చెరగులకు పంపెను. ఆలయద్వారము తమకు మూయబడియున్న కాలమున, ఏ మధ్యవర్తియు లేక స్వల్పమూల్యమునకు దేవతాదర్శనము పొందగల భాగ్యము ఎందరికో ఆ కాగితపు పటమువలన గలిగెను. ఇది సామాన్యమైన దేశసేవ గాదు.

అయినను సోదరి నివేదిత, ఆనంద కుమారస్వామి మొదలగు పెద్దలు రవివర్మను తీవ్రముగా ఖండించిరి. ఆయన చిత్రములలో నాటకపు ఫక్కి యున్నదనియు, భారతీయమైన ధ్యానదృష్టి లేదనియు వారి యాక్షేపణ. ఈ యాక్షేపణలో సగము సత్యము. పాదమున ముల్లు తీసికొను నెపమున వెనుదిరిగి చూచు శకుంతలను చూడుడు. ఆమె చూచుచున్నది దుష్యంతుని. కాని తన్ను మనము చూచుచున్నామని ఆమె యెరుగును. ఆమె మెడయొరపు రంగస్థలమునెక్కిన నటి మెడయొరపు. అందువలన మనకు కలుగు భావము మంచి నాటకమున కలుగు భావమే: కుతూహలము, ఔత్సుక్యము, సుఖము. దోషమేదైన నున్నచో అది యీ ప్రదర్శనబుద్ధియందున్నది. తైలవర్ణమునందు లేదు.

ఇక రవివర్మకు ప్రతిపక్షముగా నిలుపబడిన అవనీంద్రనాథ ఠాకూరు సంగతి చూతము. కలకత్తా చిత్రకళాశాలాధ్యక్షుడైన హావెలు ప్రోత్సాహమున ఆయన మొగలు, రాజపుత్ర చిత్రముల మార్గమును పరిశీలించి నూతన సంప్రదాయమును స్థాపించెను. 1902 లో ఆయన వ్రాసిన 'షాజహాను అంతిమకాలము' అను చిత్రమున వృద్ధచక్రవర్తి మంచముపై నొరగి దూరమున నున్న తాజమహలును చూచుచుండును. కుమార్తె జహనార కాళ్లకడ కూర్చుండియుండును. ఆ పటమున ఎవరును మనవంక చూడరు. ప్లేగువ్యాధిచే మరణించిన తన చిన్న కుమార్తె దుఃఖమునంతటిని ఆ చిత్రమున ధారపోసితినని అవనీంద్రుడే చెప్పుకొనెను. దానిని చూచిన కన్నుకు రవివర్మ పటము కలిగించు సుఖము కలుగదు. గొంతు పట్టుకొను నిశ్శబ్దము కలుగును. ఇది కరుణము.

కాని ఇచట స్వదేశీవాదులు తడబడవలసిన విషయమొకటి గలదు. ఆ 'షాజహాను' చిత్రము తైలవర్ణములతో వ్రాయబడినదే! తరువాత అవనీంద్రుడు వశపరచుకొన్న నీటిరంగుల పద్ధతి, అనగా రంగుపై రంగు పారించి, కాగితమును నీటతడిపి, ఆకృతులను మంచుతెరలో ముంచినట్లు చేయు ఆ ప్రసిద్ధమైన పద్ధతి, 1903 లో కలకత్తాకు వచ్చిన యొకొయామా తైకాను, హిషిదా షున్సో అను జపానీయ చిత్రకారుల సాహచర్యమున గ్రహింపబడినది. 1905 నాటి 'భారతమాత' ఆ మంచుతెరనుండియే వెలువడినది. కాషాయవస్త్రమును ధరించి, నాలుగు చేతులతో గ్రంథమును, వరికంకులను, ధవళవస్త్రమును, జపమాలను పట్టి నిలిచిన ఆ తల్లిని జపానుదేశపు తడిరంగులలో వ్రాసినంత మాత్రమున ఆమె మనకు పరాయిదగునా? కాదు. మరి తైలవర్ణమున వ్రాసినంత మాత్రమున శకుంతల పరాయిది ఎట్లగును? ఒకే కొలతతో ఇరువురినిగాని, లేక ఆ కొలతను విడిచి ఇరువురినిగాని స్వీకరింపవలెను. మూడవ మార్గము న్యాయము గాదు.

అవనీంద్రుని శిష్యుడు నందలాల్ బోసు (1882–1966) ఈ మంచుతెరను క్రమముగా తొలగించెను. 1930 లో దండియాత్ర జరిగినపుడు ఆయన చెక్కిన 'బాపూజీ' చిత్రమున నలుపు, తెలుపు తప్ప వేరు రంగు లేదు. చేతికర్ర, ముందుకు పడిన అడుగు, వంగియు వంగని నడుము, ఇంతియే. 1938 లో హరిపుర కాంగ్రెసు మహాసభకై గాంధీమహాత్ముని కోరికపై వ్రాసిన ఫలకములలో మృదంగము వాయించువాడు, దుక్కిదున్నువాడు, బిడ్డనెత్తుకొన్న తల్లి మొదలగువారు వెడల్పైన గీతలతో, మట్టిరంగులతో కన్పట్టుదురు. ఆ ఫలకములు చిత్రశాలలో కూర్చుండి చూచువారికొరకు గాక, సభకు నడచివచ్చు పల్లెజనులకొరకు వ్రాయబడినవి. అవనీంద్రుని చిత్రముకడ మనము నిలిచిపోదుము. నందలాలు చిత్రముకడ మన కాళ్లు కదలును. మన యాలంకారికులు వీరమునకు ఉత్సాహమును స్థాయిభావమని చెప్పిరి. కత్తి, రక్తము లేని వీరమెట్లుండునో నందలాలు గీత చూపెను.

తెలుగునాట ఈ వివాదము వినికిడిగా మాత్రమే గాక ప్రత్యక్షముగను నడిచినది. బందరునందలి ఆంధ్ర జాతీయ కళాశాలలో వంగీయుడైన ప్రమోదకుమార చటర్జీ ఆచార్యుడై అవనీంద్ర సంప్రదాయమును నాటెను. అడివి బాపిరాజు వంటివారు ఆయనకడ శిష్యులైరి. అదేకాలమున రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు వేరొక త్రోవ త్రొక్కెను. 1897 లో జన్మించిన ఈ యువకుని ప్రతిభను మొదట గుర్తించినవాడు అచటి కళాశాలాధ్యక్షుడైన ఆంగ్లేయుడు కూల్డ్రే. విద్య గరపినది బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాల. అనగా మనిషిని ఎదుట నిలిపి అవయవముల పొంకమును నేర్పు పాశ్చాత్య శిక్షయే. కొలతపట్టువారి లెక్కలో ఇతడు ఓడిపోవలసినవాడు. కాని అతని 'పుష్పాలంకారము', 'సిద్ధార్థ రాగోదయము', 'ఋష్యశృంగ బంధనము' చూచినవారికి అవి పాశ్చాత్యములని తోచునా? సన్నని నిలువుటాకృతులు, నీడల బరువు లేని లేతవర్ణములు, పారుచున్న గోదావరివలె తెగని గీత. అజంతా గోడలను చూచి వచ్చిన కన్ను బొంబాయిలో నేర్చిన చేతిని నడిపించినది.

రవివర్మయు, రామారావును ఇరువురును శృంగారమునే వ్రాసిరి. అయినను వారి నడుమ నెంత భేదము! రవివర్మ నాయిక అలంకరించుకొని మనకు కనబడుచున్నది. రామారావు నాయిక అలంకరించుకొనుచున్నది. మనమచట నున్నామని ఆమె యెరుగదు. మొదటిది చూచి మనము సంతోషింతుము. రెండవది చూచి అడుగుల చప్పుడు కాకుండ వెనుకకు తగ్గుదుము. రెండును ఉత్తమభావములే. ఒకదానిని మెచ్చుటకు మరియొకదానిని త్రోసివేయనక్కర లేదు. 1925 లో ఇరువదియెనిమిదేండ్లైనను నిండకమునుపే మశూచి ఆ చిత్రకారుని గొనిపోయెను.

ఈ నలువురను ఒకచోట నిలిపి చూచిన తేలునదేమన, పద్ధతి వచ్చిన త్రోవ వేరు, భావము పుట్టిన తావు వేరు. తైలవర్ణము ఐరోపానుండి రావచ్చును, తడిరంగు జపానునుండి రావచ్చును. చూపుమాత్రము వెలుపలినుండి రాదు. జాతీయత యన్నది ఆ చూపునందున్నది. దీనిని మరచినందువలన రెండు పక్షములందును నష్టము కలిగెను. రవివర్మ ననుకరించినవారు ఆయన నగలను, పట్టుచీరలను గ్రహించి ఆయన సాహసమును విడిచిరి. అవనీంద్రు ననుకరించినవారు మంచుతెరను గ్రహించి దాని వెనుకనున్న దుఃఖమును విడిచిరి. రీతి యనుకరణకు లొంగును, అనుభవము లొంగదు. దుఃఖము లేని మంచుతెర మసకయే గాని కరుణము గాదు.

రాజ్యము ఈ వివాదమును ఎప్పుడో దాటిపోయినది. 1972 నాటి పురావస్తు కళానిధుల చట్టము ననుసరించి దేశము దాటరాని కళానిధులుగా ప్రకటింపబడిన తొమ్మండుగురి కృతులలో రవివర్మవియు, అవనీంద్రునివియు, నందలాలువియు చేరియున్నవి. పత్రికలలో పరస్పరము పోట్లాడింపబడినవారు ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన కూర్చుండిరి. ఆ తొమ్మండుగురిలో దామెర్ల లేడు. తెలుగువారి మనస్సున నైనను ఆయనకు తావుండవలదా? రాజమహేంద్రవరమున ఆయన పేరిట చిత్రశాల యున్నది. పుష్కరములకై గోదావరికి పోవు లక్షలాది తెలుగువారిలో ఆ గడప త్రొక్కువారెందరు?

మన పాఠశాలలలో చిత్రలేఖనమనగా మామిడికాయను చూచి మామిడికాయను దింపుటయే. చిత్రమును చూచుట యను విద్య మాత్రము ఎచటను బోధింపబడుట లేదు. ప్రతి పాఠశాలలోను ఈ నలువురి చిత్రములకు మంచి ప్రతులను నాలుగింటిని గోడకు వ్రేలాడదీయుట అసాధ్యమైన కార్యము గాదు. ఉపాధ్యాయుడు వానిక్రింద ఏ సంప్రదాయము పేరును మొదట చెప్పరాదు. ఈ పటమును చూచినపుడు నీకేమి తోచినదని బాలుని అడుగవలెను. ఆ బాలుడు, శకుంతలకడ నవ్వు వచ్చినదనియో, షాజహానుకడ దిగులు కలిగినదనియో, బాపూజీకడ నడువవలెననిపించినదనియో, దామెర్లకడ మాటాడబుద్ధి గాలేదనియో చెప్పనిండు. ఆ తరువాత తైలవర్ణమేదో, తడిరంగేదో చెప్పవచ్చును. పేరు ముందు నేర్చినవాడు పేరునే చూచును. పటమును ముందు చూచినవానికి పేరుతో పని తక్కువ. తన హృదయముతో చూడనేర్చిన జాతికి పరుల పద్ధతివలన భయము లేదు. చూడనేర్వని జాతికి తన సొంతచిత్రములును పరదేశపు చిత్రములే.