మహమ్మడన్‌కి ఇక్కడ పనేంటి అనేవాళ్లకి

కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్ మహమ్మడన్ స్పోర్టింగ్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లోకి రాకపోయి ఉంటేనే బాగుండేదట. 2024-25 సీజన్‌లో 13 జట్లలో ఆఖరున నిలిచింది, 24 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. జీతాలు సరిగా ఇవ్వలేదు. దాని కింది డివిజన్ ఐ-లీగ్‌ని గెలిపించిన రష్యన్ కోచ్ ఆండ్రే చెర్నిషోవ్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. ఇవన్నీ వరసపెట్టి చెప్పి, "ప్రమోషన్ యూరప్ వాళ్ల ముచ్చట, మనకి అచ్చిరాదు. డబ్బున్న ఫ్రాంచైజీల మధ్య ఈ పాత క్లబ్బులకి పనేంటి?" అని తేల్చేస్తున్నారు. ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ చూసినవాళ్లు కూడా ఈ మాటే అంటుంటే ఒళ్లు మండుతోంది.

జీతాలు ఆపడం తప్పే. దాన్ని వెనకేసుకురాను. అయితే అది కిందినుంచి వచ్చిన జట్లకే పట్టిన రోగమా? మన హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకోండి. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో కొట్టి కప్పు తెచ్చింది. లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రాత్రి ఆపిన బంతులు ఇప్పటికీ కళ్లముందున్నాయి. 2023-24కి వచ్చేసరికి అదే జట్టులో జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధం, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జారుకోవడం. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటే గెలుపు, ఆఖరి స్థానం. అప్పట్లో కిందికి దించే నియమం లేదు కాబట్టి మరుసటి ఏడాది దర్జాగా అదే లీగ్‌లో ఆడింది. అప్పుడెవరూ "నీకిక్కడ పనేంటి" అని అడగలేదు. ఒకే జబ్బుకి ఇద్దరికి రెండు తీర్పులు!

2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో లాజాంగ్‌తో మహమ్మడన్ ఆడిన ఐ-లీగ్ మ్యాచ్ ఫోన్‌లో చూశాను. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నా మనసు మన ఊరి మరో జట్టు శ్రీనిధి డెక్కన్ మీదే ఉంది. వాళ్లు రెండో స్థానంలో ఉన్నారు, మహమ్మడన్ తడబడితేనే ఆశ. టైటిల్‌కి, ప్రమోషన్‌కి మహమ్మడన్‌కి డ్రా చాలు. మొదటి నిమిషంలోనే అలెక్సిస్ గోమెజ్ గోల్ కొట్టాడు. లాజాంగ్ పెనాల్టీతో సమం చేసింది. రెండో సగంలో కోజ్లోవ్ కొట్టిన గోల్‌తో 2-1. ఆఖరి విజిల్ పడగానే నలుపు తెలుపు జెర్సీలవాళ్లు మైదానం మీద పరుగులు పెడుతుంటే, ఓడింది మన ఊరి ఆశే అయినా నాకు కోపం రాలేదు. అప్పటికి పదేళ్ల క్రితం టాప్ డివిజన్ నుంచి కింద పడిన క్లబ్ అది. హబీబ్, నయీముద్దీన్ లాంటి మన హైదరాబాదీలు ఒకప్పుడు వేసుకున్న జెర్సీ అది. 2023 ఆగస్టు 15న పోయిన హబీబ్ ఇంకో ఎనిమిది నెలలుంటే చూసేవాడు కదా అనిపించింది.

అదే ఏడాది అక్టోబరులో, ఐఎస్‌ఎల్‌లో, ఇదే మహమ్మడన్‌ని కోల్‌కతాలో హైదరాబాద్ ఎఫ్‌సీ 4-0తో చిత్తు చేసింది. ఆ రోజు గంతులేశాను, దాచేదేముంది! ఓడించడం వేరు, ఆడే హక్కే లేదనడం వేరు.

ఆ హక్కు మాటకి పాత చరిత్ర ఉంది. కలకత్తా లీగ్ మొదటి డివిజన్‌లో రెండుకి మించి భారతీయ జట్లు ఉండకూడదని తెల్లవాళ్ల కాలంలో నిబంధన. దాన్ని 1925లో ఈస్ట్ బెంగాల్ బద్దలుకొట్టింది. ఆ తలుపు తెరుచుకున్నాకే మహమ్మడన్ రెండో డివిజన్ నుంచి పైకొచ్చి, వచ్చిన మొదటి ఏడాదే, 1934లో, లీగ్ గెలిచింది. అంతవరకు ఏ భారతీయ జట్టూ గెలవని లీగ్ అది. 1938 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. కిందినుంచి వచ్చినవాళ్లు నిలవలేరని ఈ క్లబ్‌ని చూపించి చెప్పేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి తిరగేస్తే మంచిది.

మన కాలంలోనూ ఆ తలుపు ఊరికే తెరుచుకోలేదు. గోకులం కేరళ 2021లో, 2022లో వరసగా ఐ-లీగ్ గెలిచి అక్కడే ఉండిపోయింది. గెలిచినవాడు పైకి వెళ్లడమన్నది 2023లో పంజాబ్‌తోగానీ మొదలవలేదు. రెండో ఏడాది వచ్చిన జట్టు తడబడగానే పద్ధతే పనికిరాదనడం ఏం న్యాయం? పనికిరానిది సగం పద్ధతి. పైకి రానిచ్చి, కిందికి దించకపోవడమే అప్పటి అసలు లోపం. దించి ఉంటే మన హైదరాబాద్ కింద ఆడి, తేరుకుని, ఇదే ఊరికోసం మళ్లీ పైకి ఎక్కే దారి ఉండేది.

అలా జరగలేదు. పుణె క్లబ్ మూతపడితే 2019లో దాని చోట పుట్టిన ఈ హైదరాబాద్ ఫ్రాంచైజీ, 2025లో అద్దె ఇంటివాడు సామాను సర్దుకున్నట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరూ మార్చుకుంది. పదేళ్లు కింద డివిజన్‌లలో నలిగిన మహమ్మడన్ మాత్రం 1891లో పుట్టిన కోల్‌కతాలోనే ఉంది.