నీరు పల్లమెరుగు. పల్లంలో ఎవరున్నారు?

మిత్రులారా, పోయినసారి కౌలు గురించి రాశాను. ఈసారి సముద్రం గురించి.

నీరు పల్లమెరుగు అని సామెత. ఆ పల్లంలో ఎవరుంటారో సామెత చెప్పదు. కృష్ణా డెల్టా చివర దివిసీమకి వెళ్లి చూడండి. చాలాచోట్ల మెరక మీద ఊరు, మురుగు డ్రెయిన్ పక్కన పేట. అలా సర్దింది సముద్రం కాదు, కులం.

1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వచ్చింది. సర్కారు లెక్కలోనే 10,000 మంది దాకా పోయారు. ఉప్పెనకి కులం లేదంటారు. నిజమే, నీటికి లేదు. నేలకుంది. తాటాకు కప్పుకుంది. నీళ్లు తీశాక వచ్చే పరిహారానికి ఇంకా ఉంది.

ఇప్పుడు కొత్త మాట వచ్చింది: వాతావరణ మార్పుని తట్టుకోవడం. ఉప్పుని ఓర్చుకునే వరి విత్తనం, పంటల బీమా, మడ అడవుల పెంపకం. వీటిలో ఏదీ వద్దనను. ఒక్కటే అడుగుతాను. విత్తనం, బీమా ఎవరి పేరున వస్తాయి? పట్టా ఉన్నవాడి పేరున. కౌలుదారుకి కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం పెట్టాలి. ఆయన ఎందుకు పెడతాడు? ఇక కూలికి పోయే అక్క దగ్గర ఏ కాగితమూ లేదు. చేను ఉప్పుబారితే పంట నష్టం రాసుకుంటారు. నాట్లు, కలుపు, కోతలు పోయిన ఆమె నష్టం ఏ గడిలో రాస్తారు?

డబ్బున్న ఆసాములు ఎప్పుడో తట్టుకున్నారు. వరిచేలని రొయ్యల చెరువులు చేశారు. లాభం వాళ్లకి, ఉప్పు పక్క చేనుకీ పేట బోరుకీ. నాట్లకి వరసకట్టి దిగిన చోట ఇప్పుడు చెరువు మీద ఇద్దరు ముగ్గురుంటే చాలు. సాగుభూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన ఎస్. జగన్నాథన్ ఎవరనుకున్నారు? తమిళనాడులో భార్య కృష్ణమ్మాళ్‌తో కలిసి దళిత కూలీలకి భూమి ఇప్పించిన మనిషి. భూమిలేని వాళ్లతో నడిచినవాడు కాబట్టే ఆ ఉప్పు ఆయనకి కనబడింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి తీరంలో చెరువులకి మళ్లీ దారిచ్చింది.

అందుకే నేనడిగేవి ఇవి. పేటకి మెరక స్థలం ఊళ్లోనే ఇవ్వాలి, ఊరవతల కాదు. పట్టా ఆడవాళ్ల పేరున ఉండాలి. తుఫాను షెల్టర్ పేటకి దగ్గర్లో కట్టాలి, గేదెల్నీ మేకల్నీ తోలుకెళ్లేలా కట్టాలి. గొడ్డుని వదిలి పేదోడు కదలడు, కదలక చస్తాడు. పంట నష్టంతోపాటు పోయిన పనిదినాలనీ లెక్కగట్టి కూలీ చేతికివ్వాలి. ఈ లెక్కలు రాసేటప్పుడు పేటవాళ్లు బల్ల దగ్గర కూర్చోవాలి, గుమ్మం బయట కాదు.

సముద్రపు కరకట్ట ఎత్తు పెంచుతామంటున్నారు. పెంచండి. ఆ కట్టకి లోపల మేమున్నామా, బయటున్నామా? ముందు అది చెప్పండి.

జై భీమ్.