చెరువుగట్టున చక్రాల కుర్చీ

మనవాళ్ళు బెంగుళూరు వచ్చి యెన్నేళ్ళయినా, చెరువు కనబడితే ప్రాణం లేచివస్తుంది. కన్నడిగులు దాన్ని కెరె అంటారు. వారి కివి మనకు చెవి, వారి కై మనకు చెయ్యి; అట్లాగే వారి కెరె మన చెరువే. మాటలో కూడా చుట్టరికం వుంది గదా!

మా అత్తగారు చెరువు వున్న వూళ్ళో పుట్టి పెరిగిన మనిషి. నిరుడు జారిపడి తుంటి యెముక విరిగింది. అప్పటినుంచి చక్రాల కుర్చీయే ఆవిడకు కాళ్ళు. "ఒక్కసారి నీళ్ళవొడ్డున కూర్చోవాలని వుందే అమ్మాయీ" అని నెలరోజులుగా అంటున్నారు. ఒక ఆదివారం తెల్లవారగానే మావారూ, నేనూ, సైకిలుతో మా చిన్నవాడూ కలిసి, ఆవిడను మా పేటకు దగ్గరలో వున్న చెరువుకు తీసుకువెళ్ళాము. గట్టుచుట్టూ చక్కని బాట వేశారు, చెట్లు పెంచారు.

తీరా గేటు దగ్గరకు వెళితే అడ్డంగా ఇనుప స్తంభాలు! మనిషి పక్కకు వొదిగి దూరాలి. మోటారు సైకిళ్ళు రాకుండా పాతారట. చిన్నవాడి సైకిలును మావారు యెత్తి అవతల పెట్టారు. అత్తగారిని అట్లా యెత్తి పెట్టగలమా? పెద్దగేటుకు తాళం. కాపలా మనిషి మంచివాడే. తాళంచెవి తన దగ్గర లేదని నొచ్చుకున్నాడు. ఆవిడ కమ్మీల సందులోంచి కాసేపు నీళ్ళవంక చూసి, "పదండి, పిల్లవాడికి ఆకలేస్తూంటుంది" అన్నారు. వాడు ఇంట్లో ఇడ్లీలు తినే బయలుదేరాడు!

యెవరిమీదో పోట్లాటకు ఇది రాయడం లేదు. నాలుగు అంగుళాల సంగతి ఇది. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు సుమారు 65, 70 సెంటీమీటర్లు. స్తంభాల మధ్య 90 సెంటీమీటర్ల సందు వుంచితే కుర్చీ పోతుంది, కారు పోదు. మోటారు సైకిలు సంగతి కాపలా మనిషి చూసుకోవాలి. మెట్టు వున్నచోట, అడుగు యెత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలుబాట వుండాలి. అంతకంటే నిటారైతే తోసేవారికి ఆయాసం, కూర్చున్నవారికి భయం. ప్రజలు వాడుకునే చోట్లు దివ్యాంగులకు అందుబాటులో వుండాలని 2016 నాటి చట్టమే చెబుతున్నది.

ఈ వూళ్ళో ధర్మాంబుధి చెరువు వున్నచోట మెజెస్టిక్ బస్‌స్టాండు వెలిసింది. సంపంగి చెరువు వున్నచోట కంఠీరవ స్టేడియం లేచింది. 1882లో కట్టిన శాంకీ చెరువు వంటివి నిలిచాయి. మిగిలినవాటిని కాపాడుకుంటున్నందుకు సంతోషమే. కాని గేటు బయట ఆగిపోయినవారికి పూడ్చిన చెరువూ, నిండిన చెరువూ ఒకటే.

మరుసటి ఆదివారం లాల్‌బాగుకు వెళ్ళాము. 1760లో హైదరాలీ మొదలుపెట్టిన తోట అది, దారులు విశాలం. అక్కడి చెరువు కనబడే చోట అత్తగారు గంటసేపు కూర్చున్నారు. కొంగలు యెన్నో లెక్కపెట్టి, చిన్నవాడి లెక్క తప్పని వాడితో వాదం వేసుకున్నారు. తిరిగివచ్చేటప్పుడు ఆకలేస్తున్నదని చెప్పినది ఆవిడే.

కార్తీకమాసం వస్తుంది, వనభోజనాల చోటుకోసం వెతుకుతాము. ఉసిరిచెట్టు వుందా, నీళ్ళున్నాయా అని చూడడం మన అలవాటు. ఇకమీదట మన సంఘంవారు ఒక టేపు కూడా వెంట తీసుకువెళ్ళి, ముందుగా గేటు కొలిచి రావాలని నా మనవి. మీ ఇంటి పెద్దలను "మీరెందుకులెండి, శ్రమ" అని ఇంట్లో వదిలి రాకండి. ఆ మాట వినలేకే చాలామంది తమకు రావాలని లేదని చెబుతూవుంటారు.