రెప్పపాటుకు సాక్షి

మొన్న రాత్రి భోజనాల వేళ కరెంటు పోయింది. అగ్గిపెట్టె కోసం మా ఆవిడ లేచే లోపలే మళ్ళీ వచ్చేసింది. మా మనవడు చెయ్యి కంచంలో పెట్టుకునే, "తాతయ్యా, ఎవరు తీశారు?" అన్నాడు. ఎవరూ తియ్యలేదురా, దానంతట అదే పోయింది అన్నాను. వాడు నమ్మలేదు. స్విచ్చి దానంతట అది పడదని వాడి సిద్ధాంతం. నెరిసిన తలల్లో కూడా ఈ సిద్ధాంతం చూశాను కాబట్టి వాణ్ణి ఏమీ అనలేకపోయాను.

1997లో నేనొక 220 కిలోవోల్టుల సబ్‌స్టేషన్లో పనిచేస్తూండేవాణ్ణి. ఏ ఊరో అడక్కండి. వానాకాలం, అర్ధరాత్రి దాటింది. పెద్ద లైను మీది బ్రేకరు ఢామ్మని తెరుచుకుంది. బ్రేకరంటే మరేం కాదు, ఇంటి స్విచ్చికి ముత్తాత. నాలుగు తాలూకాలు చీకట్లో పడ్డాయి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటరు పిల్లలవాడు, నెమ్మదైన మనిషి. తెల్లవారేసరికి పైనుంచి అధికారి జీపులో దిగారు.

"ఏమయ్యా, నిద్రలో చెయ్యి తగిలిందా?"

"అయ్యా, నేను బోర్డు దగ్గరే లేనండి. పుస్తకంలో రీడింగులు రాసుకుంటున్నాను."

"మరి దానంతట అదే పడిందా?"

చూశారా, మా మనవడి ప్రశ్నే. ఇక్కడి పుస్తకంలో 1 గంట 12 నిమిషాలని రాసి ఉంది. అవతలి సబ్‌స్టేషన్ పుస్తకంలో వాళ్ళ లైను 1 గంట 15 నిమిషాలకు పడినట్టుంది. ఇక్కడ ముందు పడింది, కాబట్టి తప్పు ఇక్కడిదే అని తేల్చారు. రెండు గోడగడియారాలకూ మూడు నిమిషాల తేడా ఉందేమోనన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మధ్యాహ్నానికి అతని చేతికి మెమో వచ్చింది.

గది మూలన బీరువాకు ఆనుకుని కొత్తగా బిగించిన రికార్డరొకటి ఉంది. బిగించిన రోజున కొబ్బరికాయ కొట్టాం. తరవాత దాని ముఖం చూసినవాడు లేడు. సాయంత్రం నాకే తట్టి, కాగితం బయటికి లాగాను.

దాని మీద గీతలున్నాయి. మొదట మూడు ఫేజుల కరెంటూ చక్కగా అలలు అలలుగా నడుస్తోంది. ఉన్నట్టుండి ఒక ఫేజు అల ఇంతెత్తున లేచింది, దాని వోల్టేజి కుంగిపోయింది. అప్పటికి బ్రేకరు మూసే ఉంది. 25 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో నలభయ్యో వంతుకు, రిలే పనిచేసినట్టు కింద ఒక గీత నిలబడింది. ఇంకో 45 మిల్లీసెకన్లకు బ్రేకరు తెరుచుకుంది. దెబ్బ లైను మీద ముందు తగిలింది, బ్రేకరు తరవాత పడింది. ఏ మనిషి చెయ్యీ అంత వేగంగా కదలదు. మూడోనాడు లైను వెంట నడిచినవాళ్ళకు ఒక టవరు మీద పగిలిన పింగాణీ ఇన్సులేటరు కనిపించింది. మెమో వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నామని కాగితం ఇవ్వడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది, అది వేరే సంగతి.

ఈ సాక్షి ఎలా చూస్తుందో చెబుతాను. దానికి రెండు రకాల చూపులున్నాయి. వోల్టేజి, కరెంటు క్షణక్షణం కొంచెం కొంచెంగా మారేవి. వీటిని అనలాగ్ అంటారు, నాడి కొట్టుకోవడం లాంటివి. రిలే పనిచేసిందా లేదా, బ్రేకరు మూసి ఉందా తెరిచి ఉందా అన్నవి తలుపు గడియ లాంటివి. అవును, కాదు తప్ప మూడో జవాబుండదు. ఇవి డిజిటల్. ఏది ముందు, ఏది వెనక అని తేలాలంటే ఈ రెండూ ఒకే కాలరేఖ మీద పక్కపక్కన ఉండాలి. ఆపరేటరును కాపాడింది ఆ పక్కపక్కన ఉండటమే.

నాడిని అంకెలుగా రాసుకోవాలంటే మాటిమాటికీ చూడాలి. ఎన్నిసార్లు? మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాన్ని సెకనుకు సరిగ్గా 50 సార్లే చూశామనుకోండి, ప్రతిసారీ ఒకే చోట దొరుకుతుంది. అసలు కదలడమే లేదనిపిస్తుంది! సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపించడం ఇలాంటి మాయే. అందుకని సెకనుకు కొన్ని వేలసార్లు చూస్తారు. చూసిన ప్రతిసారీ ఒక అంకె. పదహారు బిట్ల యంత్రమైతే కొలతను 65,536 మెట్లలో ఒక మెట్టు మీద నిలబెడుతుంది. లైను మీద దెబ్బ ఎక్కడ తగిలిందో పట్టే యంత్రాలున్నాయి, అవి మరీ చురుకైనవి, సెకనుకు పది లక్షలసార్లు చూస్తాయి. దెబ్బ తగిలిన అల లైను వెంట దాదాపు వెలుగు వేగంతో పరుగెత్తుతుంది. సెకనులో పదిలక్షో వంతుకు సుమారు 300 మీటర్లు. అంత వేగంగా చూడగలిగితే, లైన్‌మెన్‌ను నూరు కిలోమీటర్లు నడిపించకుండా ఫలానా టవరు దగ్గరికి వెళ్ళు నాయనా అని చెప్పవచ్చు.

మరో తమాషా. దెబ్బ తగిలాక మేలుకునే సాక్షి దెబ్బకు ముందు సంగతి ఎలా చెబుతాడు? ఫొటో కాగితం మీద వెలుగుతో గీసే పాత యంత్రాలకు ఈ ఇబ్బంది ఉండేది. అవి కదిలే లోపల మొదటి ముక్క జారిపోయేది. కొత్తవి నిద్రపోవు. ఎప్పుడూ రాసుకుంటూ, పాతది చెరుపుకుంటూ ఉంటాయి. గొడవ రాగానే చెరపడం ఆపేస్తాయి. మా అమ్మమ్మ ఇంతే. వరండాలో జపం చేసుకుంటూ ఏమీ పట్టనట్టుండేది. ఇంట్లో మాటామాటా వస్తే, అంతకు ముందు ఎవరు ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది.

ఇక యంత్రం అంతా ఒకే ముద్దగా ఉండదు, కారియరు గిన్నెల్లా విడివిడి పలకలుగా ఉంటుంది. కొత్త లైను వస్తే ఇంకో అనలాగ్ పలక, కొత్త రిలేలు వస్తే ఇంకో డిజిటల్ పలక దోపుకోవచ్చు. ఒకటి పాడైతే దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. ఏ కంపెనీ రికార్డరు రాసినా అందరూ చదవగలిగేలా 1991లో ఒక ఉమ్మడి లిపి కూడా ఏర్పరిచారు, దాని పేరు కాంట్రేడ్.

గడియారాల గొడవ మా సబ్‌స్టేషన్‌తో పోలేదు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. విచారణకు కూర్చున్నవారి ముందు రికార్డులు గుట్టలుగా పడ్డాయి, కాని చాలా గడియారాలకు ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. ఏది ముందో తేల్చడమే ఒక పెద్ద పని అయింది. రికార్డర్లన్నీ ఒకే కాలానికి కట్టుబడి ఉండాలని 2004లో నివేదిక సిఫారసు చేసింది. ఇప్పుడు ఉపగ్రహాల నుంచి కాలం తీసుకుంటారు. వందల మైళ్ళ దూరంలో ఉన్న రెండు యంత్రాలకూ తేడా సెకనులో పదిలక్షో వంతుకు మించకుండా చూడవచ్చు.

ఆ రోజు ఒహాయోలో సామిస్-స్టార్ అనే లైను పడటంతో పతనం పట్టపగ్గాలు తెంచుకుంది. తొమ్మిదేళ్ళ తరవాత, 2012 జూలై 30న తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు, మన బీనా-గ్వాలియర్ లైను పడి ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే లైను. ఈసారి తూర్పు, ఈశాన్యం కూడా కలిసి సుమారు 60 కోట్ల జనాభా ఉన్న ప్రాంతం స్తంభించింది. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే లయలో ఊగేలా ముడిపడలేదు. ఆ ముడి 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు లైనుతో పడింది. అందుకని మనం బయటపడ్డాం. మనకు కోతలు వేరే ఉండేవనుకోండి.

విచిత్రమేమంటే ఈ రెండు లైన్ల మీదా చెట్టు పడలేదు, పిడుగు పడలేదు. రిలే వోల్టేజిని కరెంటుతో భాగించి, వచ్చింది మరీ చిన్నదైతే దెబ్బ తగిలిందనుకుంటుంది. మోయలేని బరువు మీద పడి కరెంటు పెరిగి, వోల్టేజి కుంగినా భాగహారంలో చిన్న అంకే వస్తుంది. రిలే పొరపడి లైను తీసేసింది. మామూలుగా ఒక ఫేజుకు దెబ్బ తగిలితే ఆ అల ఒక్కటే ఎగిరిపడుతుంది; బరువైతే మూడు అలలూ సమంగా ఉబ్బుతాయి. రికార్డు ముందుంటే చూసేవాడికి తేడా దాగదు. అది లేకపోతే ఆ రాత్రి గ్వాలియర్‌లోనూ ఎవరో ఒకరు మెమో అందుకునేవారేమో!

ఆ ఆపరేటరు రిటైరయ్యాడు. నిరుడు సంక్రాంతికి వాళ్ళింటికి వెడితే, దేవుడి పటాల వెనకనుంచి ఒక కాగితం తీసి చూపించాడు. ఆనాటిదే. వేడికి అచ్చుపడే రకం కాగితం కావడంతో గీతలన్నీ మాసిపోయాయి. "ఫొటో కాపీ తీయించుకోవలసిందయ్యా" అన్నాను. "తీయించానండి, అది బ్యాంకు లాకర్లో ఉంది" అన్నాడు.