లోకం మాట తప్పకూడదు: ఫాంటసీ గేమ్‌లు రాసేవాళ్ల ప్రణాళిక

మేము ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్‌లకు కథలు, ఊళ్లు, మతాలు, పటాలు తయారుచేసేవాళ్లం. కొందరం కోడ్ రాస్తాం, కొందరం బొమ్మలు వేస్తాం, కొందరం డైలాగులు రాస్తాం, అందరం ఆడతాం. ఒక్క గేమ్‌తో ముగిసిపోయే కథల మీద మాకు పెద్ద తగాదా ఏమీ లేదు. మా బెంగంతా భాగాలు భాగాలుగా, ఏళ్ల తరబడి సాగే సిరీస్‌ల గురించే. ఒక లోకంలో వందల గంటలు తిరిగినవాళ్లు దాన్ని నమ్ముతారు. దాని దేవుళ్ల పేర్లు, దారులు, పాత పగలు వాళ్లకు కంఠతా వస్తాయి. తర్వాతి భాగం రాసేవాళ్లు ఆ నమ్మకాన్ని పట్టించుకోకపోవడం అన్యాయం. అందుకే ఏం చేస్తామో, ఏం చేయమో ఇక్కడ రాసిపెడుతున్నాం.

గేమ్ దేని గురించో అది దాని నియమాల్లో కనిపించాలి. పాత్రల ఉపన్యాసాల్లో ఉంటే చాలదు.

1985లో రిచర్డ్ గారియట్ తెచ్చిన అల్టిమా 4 ఈ విషయంలో మాకు ఇప్పటికీ పాఠ్యపుస్తకమే. అందులో చివరికి చంపాల్సిన మహా దుర్మార్గుడు ఎవడూ లేడు. సత్యం, ప్రేమ, ధైర్యం అనే మూడు సూత్రాల మీద నిలబడిన ఎనిమిది సుగుణాలను ఆచరించి అవతార్ అనిపించుకోవడమే మన పని. మంత్రాలకు కావలసిన దినుసులు అమ్మే ఆమెకు చూపు లేదు. ఎన్ని నాణేలు ఇస్తున్నామో మనమే చెప్పాలి. తక్కువ ఇచ్చినా సరుకు చేతికొస్తుంది. కాపలావాళ్లు ఎవరూ పరుగెత్తుకు రారు. లోపల నిజాయితీ లెక్క మాత్రం తగ్గిపోతుంది. తర్వాత ఎప్పుడో కోటలో హాక్‌విండ్ అనే జ్ఞానిని అడిగినప్పుడు మన స్థితి ఏమిటో ఆయన మొహమాటం లేకుండా చెబుతాడు. నీతి గురించి ఒక్క ముక్క చెప్పకుండానే ఆ కొట్టు మొత్తం నీతి గురించే అయింది.

ఆ సిరీస్ తర్వాత చేసిన పని ఇంకా గొప్పది. 1988లో వచ్చిన ఐదో భాగం అవే సుగుణాలను తీసుకుని తిరగేసింది. రాజు కనిపించకుండా పోయిన సమయంలో బ్లాక్‌థార్న్ అనే ప్రభువు వాటిని చట్టాలుగా మార్చేస్తాడు: అబద్ధమాడితే నాలుక పోతుంది, సంపాదనలో సగం దానం చేయకపోతే మొత్తం పోతుంది. మనం నాలుగో భాగంలో ఇష్టంగా నేర్చుకున్నదే ఇప్పుడు జనం నెత్తిన కత్తి. 1990లో ఆరో భాగం వచ్చింది. రెక్కలు, కొమ్ములు ఉన్న గార్గోయిల్స్ దేశం మీద పడ్డారు. వాళ్లను రాక్షసులనుకుని నరుక్కుంటూ పోయాక తెలుస్తుంది, వాళ్లకూ మూడు సూత్రాలున్నాయని, వాళ్లకూ ఒక ధర్మం ఉందని. నాలుగో భాగం చివర మనం చేరుకున్న జ్ఞానగ్రంథం వాళ్లది. దాన్ని తరలించడంతో వాళ్ల లోకం కూలిపోసాగింది. వాళ్ల జోస్యంలోని కపట ప్రవక్త మనమే. అంటే అప్పటి మన గెలుపును ఆరో భాగం రద్దు చేయలేదు, దాని ఖరీదు ఎవరు కట్టారో చూపించింది. 1992 నాటి ఏడో భాగం ట్రిన్సిక్ ఊళ్లో, గుర్రాలశాలలో జరిగిన జంట హత్యతో మొదలవుతుంది. చనిపోయినవాళ్లలో ఒకరు మనిషి, ఒకరు గార్గోయిల్. సంధి కుదిరింది, వాళ్లు మనుషుల ఊళ్లలో పనులు చేసుకుంటున్నారు, చిన్నచూపు మాత్రం పోలేదు. సుగుణాలు కూర్చునే పీట మీద ఇప్పుడు ఫెలోషిప్ అనే తియ్యటి మాటల సంఘం కూర్చుంది. ఇతివృత్తం నిలకడగా ఉండటమంటే మా దృష్టిలో ఇదే: ఒకే ప్రశ్నను ప్రతి భాగమూ మరో వైపు నుంచి, మరింత కష్టంగా అడగాలి. 

ఇదే సిరీస్ 1999లో తొమ్మిదో భాగంలో పాలడిన్ అంటే ఏమిటని సాక్షాత్తు అవతార్ చేతనే అడిగించింది. నాలుగో భాగంలోని ఎనిమిది వృత్తుల్లో పాలడిన్ ఒకటి. ట్రిన్సిక్ వాళ్ల ఊరే. కొత్తగా ఆడేవాళ్లకు వివరం చెప్పాలనే ఉద్దేశం మాకు అర్థమవుతుంది. ఆ ప్రశ్నను పొలిమేర దాటి నిన్ననే ఊళ్లోకి వచ్చిన ఒక కుర్రాడి నోట పెట్టవచ్చు. తెలిసినవాడిని తెలియనివాడిగా మార్చి వివరం చెప్పే పని మేం ఎన్నడూ చేయం.

లోకంలో మంత్రం ఉంటే ఇళ్లు మారాలి. మారకపోతే ఆ మంత్రాన్ని తీసేస్తాం. 2002లో వచ్చిన మోరోవిండ్‌లో టెల్వానీ మాంత్రికులు పెంచుకున్న పుట్టగొడుగుల బురుజుల్లో నివసిస్తారు. పై అంతస్తుకు మెట్లుండవు, గాల్లోకి లేవగలిగితేనే వాళ్ల దర్శనం. ఆ ఒక్క కట్టడంతో ఆ వంశపు అహంకారం, ఆ లోకపు విద్య, అతిథి పట్ల వాళ్ల లెక్క తెలిసిపోతాయి. అక్కడి జనం పెద్ద పురుగుల గుడ్లను గనుల్లోంచి తవ్వి తింటారు, చిటిన్‌తో కవచాలు చేసుకుంటారు. అదే సిరీస్‌లో నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఆబ్లివియన్‌లో గాల్లోకి లేచే మంత్రమే లేదు. ఊళ్లు విడివిడిగా లోడ్ అయ్యేలా కట్టారు కాబట్టి గోడల మీంచి ఎగరనివ్వడం కుదరదు. సాంకేతిక ఇబ్బందులు మాకూ ఉంటాయి. అయితే ఒక విద్య మాయమైనప్పుడు దాని మీద బతికినవాళ్లు ఏమయ్యారో లోకంలో కనిపించి తీరాలి.

అదే సిరీస్‌లో, 1998లో రెడ్‌గార్డ్ గేమ్‌తో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం సిరోడీల్ దేశాన్ని దట్టమైన ఉష్ణమండలపు అడవిగా వర్ణించింది. ఆబ్లివియన్‌లో తీరా అక్కడ అడుగుపెడితే చల్లటి పచ్చిక, ఓక్ లాంటి చెట్ల వనాలు. దేవుడైన ఒక చక్రవర్తి వాతావరణాన్ని మార్చేశాడన్న సమర్థన ఉంది. అది అందమైన పురాణమే. కానీ అడవి పోతే వంట, బట్ట, ఇంటి కప్పు, రోగాలు, సామెతలు అన్నీ కదలాలి. చెట్లు మాత్రమే మార్చి పురాణం అతికించడం మాకు సమ్మతం కాదు.

ఇంతమాత్రాన లోకంలో అందరూ ఒకే మాట చెప్పాలని మేం కోరడం లేదు. మోరోవిండ్‌లో పాతకాలపు వీరుడు నెరెవార్ ఎలా చనిపోయాడో గుడి ఒక రకంగా చెబుతుంది, బూడిద నేలల సంచారులు మరో రకంగా చెబుతారు. ఎవరి లాభం వాళ్ల కథలో ఉంది. అలాంటి వైరుధ్యాలు మాకు ప్రాణం. పాత్ర అబద్ధం చెప్పవచ్చు, పొరబడవచ్చు. రాసేవాడు మరిచిపోవడం వేరు. ఈ రెండింటి మధ్య గీత చెరిగిపోకుండా, ఏ మాట ఎవరిదో, ఎందుకన్నారో మా దగ్గర ఒక చిట్టా ఉంటుంది.

ఆడినవాళ్లు చేసిన నిర్ణయాలు అన్నిటికన్నా బరువైనవి. మోరోవిండ్ సిరీస్‌లోనే 1996 నాటి డాగర్‌ఫాల్‌కు ఒకదానితో ఒకటి పొసగని ముగింపులు చాలా ఉన్నాయి. తర్వాత రాసినవాళ్లు ఒకదాన్ని ఎంచి మిగతావాళ్లను అబద్ధాలకోరులను చేయలేదు. కాలమే చీలి అన్నీ ఒక్కసారే జరిగాయన్నారు. ఆ ఆఘాతంలో చిన్నచిన్న రాజ్యాలన్నీ కలిసి నాలుగైపోయాయి, పటమే మారింది. ఆ ధైర్యం మాకు కావాలి. డ్రాగన్ ఏజ్ సిరీస్ 2014లో మన పాత నిర్ణయాలన్నిటినీ నమోదు చేసుకునే ఏర్పాటు చేసింది. పదేళ్ల తర్వాత వచ్చిన భాగం వాటిలో మూడింటినే అడిగింది. మేం మోయలేని నిర్ణయాన్ని ఆడేవాళ్ల ముందు పెట్టం. పెట్టామంటే దాని జాడ తర్వాతి భాగంలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. రాజు పేరే మారనక్కరలేదు, ఒక సంతలో పన్ను మారినా చాలు.

సిరీస్ చేతులు మారుతుంది, అది తప్పదు. తెలుగువాళ్లకు దీనికి పెద్ద ఆదర్శమే ఉంది. 11వ శతాబ్దంలో నన్నయ తెలుగు భారతాన్ని ఆపేసిన చోట, అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన అందుకున్నాడు. ఈలోగా విరాటపర్వం నుంచి చివరిదాకా తిక్కన తనదైన ధోరణిలో రాసేసి ఉన్నాడు. ఎర్రన ఆ ఇద్దరి మధ్య వంతెన వేసేలా నడిచి, తన పనిని నన్నయ పోషకుడైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. తన ప్రతిభను చాటుకునే చోటు కాదని ఆయనకు తెలుసు, అయినా ప్రతిభ కనబడుతూనే ఉంది. కొత్తగా పగ్గాలు పట్టే మాలో ఎవరైనా మొదటి వాక్యం రాసేముందు పాత భాగాలన్నీ చివరిదాకా ఆడి తీరాలి. సారాంశాలు చదివితే సరిపోదు.

మాతో కలిసి పనిచేయదలచినవాళ్లు ఒక ఊరు రాసుకుని రండి. దానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారు, చనిపోయినవాళ్లను ఏం చేస్తారు, గాయాలు మాన్పే మంత్రం ఉన్న చోట వైద్యుడు ఎలా బతుకుతాడు, ముప్పై ఏళ్ల కిందటి యుద్ధం గురించి ఇద్దరు ముసలివాళ్లు ఏ విషయంలో పోట్లాడుకుంటారు, ఇవన్నీ అందులో ఉండాలి. కథానాయకుడి గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.